కిటికీకి పెట్టి తీసే శబ్దనిరోధక ప్యానెల్: కొలతల నుంచి బిగింపు దాకా

రోడ్డు వైపు పడకగది ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: కిటికీ మార్చకుండా, ఇల్లు పగలగొట్టకుండా, రాత్రి పెట్టి పొద్దున తీసేసేలా ఏదైనా చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. ప్లైవుడ్, రీపర్లు (సన్నని చెక్క బద్దలు), రాక్‌వూల్ (రాతి నారతో చేసిన మెత్తటి పలక), రబ్బరు బీడింగ్ (సందులు మూసే పట్టీ) ఉంటే చాలు. డ్రిల్లు, స్క్రూ డ్రైవరు పట్టడం వచ్చినవాళ్లకు శని, ఆదివారాల పని.

చదివేముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ పనిలో చెక్క మందం రెండో విషయం, సందులు మూయడం మొదటి విషయం. చిల్లు ఉన్న బకెట్ ఎంత మందంగా ఉన్నా నీళ్లు నిలవవు. ప్యానెల్ మొత్తం వైశాల్యంలో నూటికి ఒక వంతు సందు మిగిలినా, మీరు ఎంత బరువైన చెక్క వాడినా శబ్దం తగ్గుదల దాదాపు 20 డెసిబెల్స్ (శబ్దం కొలిచే ప్రమాణం) దగ్గర ఆగిపోతుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగం రబ్బరు బీడింగ్ గురించీ బిగింపు గురించే.

1. ఏ మోతకు పనికొస్తుంది, దేనికి పనికిరాదు

హారన్లు, బైకుల సైలెన్సర్లు, కుక్కల అరుపులు, మనుషుల మాటలు, పొద్దున్నే మైకులో వచ్చే కూరగాయల బండి కేక లాంటివి బాగా తగ్గుతాయి. ఇవన్నీ మధ్య, పై స్థాయి శబ్దాలు.

లారీ ఇంజన్ దడదడ, బరాత్‌లో డీజే బాక్సుల నుంచి వచ్చే బేస్, పక్క స్థలంలో బోరు వేస్తున్నప్పటి అదురు అంతగా తగ్గవు. కింది స్థాయి శబ్దం చెక్కనూ గోడనూ కూడా కదిలిస్తుంది. బోరు అదురైతే నేల నుంచీ స్లాబు నుంచీ వస్తుంది, దానికి కిటికీతో సంబంధమే లేదు. రాత్రి 10 దాటాక రోజూ లౌడ్‌స్పీకర్ మోగుతుంటే అది చెక్కతో తీరే సమస్య కాదు. ప్రత్యేక అనుమతి ఉన్న పండగ రోజులు తప్ప, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాటికి నిషేధం ఉంది. పోలీసులకు ఫోన్ చేయడమే దారి.

శబ్దం 10 డెసిబెల్స్ తగ్గితే మన చెవికి సుమారు సగమైనట్టు అనిపిస్తుంది. మామూలు స్లైడింగ్ కిటికీకి జాగ్రత్తగా చేసిన ప్యానెల్ నుంచి అంత ఆశించడం న్యాయమే. గది స్టూడియోలా మారిపోతుందని మాత్రం అనుకోవద్దు.

2. ముందు పరుపు పరీక్ష చేయండి

డబ్బు ఖర్చు పెట్టే ముందు, శబ్దం నిజంగా కిటికీ నుంచే వస్తోందో లేదో తెలుసుకోవాలి.

ట్రాఫిక్ బాగా ఉన్న సమయంలో ఫ్యాన్, ఏసీ ఆపేయండి. మంచం మీది పరుపు లేపి కిటికీకి నిండుగా ఆనించి, ఇంకొకరిని పట్టుకోమనండి. మీరు దిండు వేసుకునే చోట కూర్చుని రెండు నిమిషాలు వినండి. పరుపు తీసి మళ్లీ వినండి.

తేడా స్పష్టంగా తెలిస్తే ప్యానెల్ చేసుకోండి. తేడా లేకపోతే శబ్దం ఇంకో దారిలో వస్తోందని అర్థం. అప్పుడు ఇవి చూడండి:

- స్ప్లిట్ ఏసీ పైపు గోడలోకి వెళ్లే రంధ్రం. చాలా ఇళ్లలో చుట్టూ ఖాళీగా వదిలేస్తారు.
- తలుపు పైనున్న వెంటిలేటర్
- అటాచ్డ్ బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం
- బాల్కనీ తలుపు కింది సందు
- కేబుల్, ఇంటర్నెట్ వైరు కోసం కొట్టిన కన్నం

వీటిలో కొన్ని వంద రూపాయల పుట్టీతో పూర్తయ్యే పనులు. అవి పూర్తయ్యాకే కిటికీ దగ్గరకు రండి.

3. ఉన్న కిటికీని ముందు బాగుచేయండి

ప్యానెల్ అనేది రెండో గోడ. మొదటి గోడ, అంటే అద్దాల కిటికీ, లొడలొడలాడుతుంటే రెండోదాని కష్టం సగం వృథా.

స్లైడింగ్ తలుపుల అంచుల్లో కుచ్చులా ఉండే బ్రష్ పట్టీ ఉంటుంది. అల్యూమినియం షాపుల్లో వూల్‌పైల్ అంటారు. అది నాలుగైదేళ్లకు అరిగి చదునవుతుంది. పాత పట్టీ గాడిలోంచి లాగేసి, అదే వెడల్పు కొత్తది ఎక్కించండి. నమూనాకు పాత ముక్క ఒకటి షాపుకు తీసుకెళ్లండి, ఎత్తులో తేడా వస్తే తలుపు బిగుసుకుపోతుంది.

అద్దం పట్టే రబ్బరు ఊడిపోయి ఉంటే మార్చండి. కిటికీ ఫ్రేముకూ గోడకూ మధ్య పగుళ్లు ఉంటే సిలికాన్ పెట్టండి.

కింది పట్టాలో బయటి వైపు చిన్న రంధ్రాలుంటాయి. వాటిని మూయకండి. వాననీళ్లు బయటకు పోయే దారి అదే, మూస్తే నీళ్లు గదిలోకి వస్తాయి.

ఈ ఒక్క అంచెతోనే నిద్ర పట్టేంత తేడా వచ్చే ఇళ్లున్నాయి. ఒక వారం చూసి, చాలకపోతే ముందుకెళ్లండి.

4. ఎలాంటి ప్యానెల్

కిటికీ గూటిలో, అంటే కిటికీ కోసం గోడలో వదిలిన ఖాళీలో, బిరడాలా దూర్చే రకం చాలామంది చేస్తారు. నేను వద్దంటాను. లోపలికి తోసేటప్పుడల్లా రబ్బరు గోడకు రాసుకుని కొద్దికాలానికే ఊడుతుంది. పైగా మన గూళ్లు ఎక్కడా కచ్చితమైన చతురస్రాలు కావు.

దానికంటే మేలైనది గోడ ముఖానికి అదిమే రకం. ప్లైవుడ్ కిటికీ గూడు కంటే రెండు పక్కలా పైనా 50 ఎంఎం పెద్దగా ఉంటుంది. ఆ అంచు వెనక రబ్బరు ఉంటుంది. రాక్‌వూల్ నింపిన పెట్టె భాగం మాత్రం గూటిలోకి వెళ్తుంది. రబ్బరు రాసుకోదు, నేరుగా నొక్కుకుంటుంది. కింద మాత్రం మన ఇళ్లలో గ్రానైట్ గట్టు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి ప్యానెల్ దాని మీద కూర్చుంటుంది.

గ్రానైట్ గోడతో సమానంగా ఉంటే కింద కూడా 50 ఎంఎం అంచు పెట్టి నాలుగు వైపులా అదమండి.

అద్దానికీ ప్లైవుడ్‌కూ మధ్య ఎంత దూరం ఉంటే అంత మంచిది. 5 ఎంఎం అద్దం, 12 ఎంఎం ప్లైవుడ్ మధ్య 20 ఎంఎం గాలి మాత్రమే ఉంటే, ఆ రెండూ కలిసి సుమారు 190 హెర్ట్జ్ (సెకనుకు 190 సార్లు) దగ్గర ఊగి, ఆ స్థాయి శబ్దాన్ని లోపలికి వదిలేస్తాయి. వాహనాల ఇంజన్ రొదలో కొంత భాగం ఆ చుట్టుపక్కలే ఉంటుంది. దూరం 100 ఎంఎం చేస్తే ఆ ఊగడం 85 హెర్ట్జ్ దగ్గరకు దిగిపోతుంది. గూడు లోతుగా ఉంటే, గోడ ముఖానికి అదిమే పద్ధతిలో ఈ దూరం మనం అడగకుండానే దొరుకుతుంది.

వెలుతురు కావాలంటే ప్లైవుడ్ బదులు 8 ఎంఎం ఆక్రిలిక్ వాడొచ్చు. బరువు సుమారు సమానమే. కానీ దానికి వెనక రాక్‌వూల్ పెట్టలేం, ఎండకు సాగుతుంది, గీతలు పడుతుంది. రాత్రి మాత్రమే వాడేవాళ్లకు ప్లైవుడ్డే సరి.

5. కొలతలు

టేపుతో ఒక్కసారి కొలిచి ప్లైవుడ్ షాపుకు వెళ్లకండి.

- గూడు వెడల్పు: పైన, మధ్యలో, కింద
- గూడు ఎత్తు: ఎడమ, మధ్య, కుడి
- రెండు మూలల నుంచి ఐమూల కొలతలు
- గోడ ముఖం నుంచి లోపలి తలుపు హ్యాండిల్ లేదా గ్రిల్ వరకు లోతు
- గూడు చుట్టూ గోడ మీద ఖాళీ: కర్టెన్ రాడ్ బ్రాకెట్లు, స్విచ్ బోర్డు, అల్మరా అంచు ఎక్కడున్నాయి
- గ్రానైట్ గట్టు గోడ నుంచి ఎంత ముందుకు వచ్చింది

ప్రతి చోటా చిన్న కొలతనే లెక్కలోకి తీసుకోండి. లోతు కనీసం 60 ఎంఎం ఉండాలి. అంతకంటే తక్కువైతే 50 ఎంఎం రాక్‌వూల్ బదులు 25 ఎంఎం వాడండి, రీపర్లూ అంతే లోతుకు తగ్గించండి.

గూడు చుట్టూ గోడ చదునుగా ఉందో లేదో చూడటానికి తిన్నని అల్యూమినియం పట్టీ ఆనించి, వెనక సెల్‌ఫోన్ టార్చి వేయండి. 3 ఎంఎం మించి గుంతలు కనిపిస్తే ఆ చోట పుట్టీ రాసి, శాండ్ పేపర్‌తో సమం చేయండి. అద్దె ఇల్లయితే గోడ ముట్టుకోకుండా, అక్కడ రబ్బరు కింద పలచని ఈవీఏ ఫోమ్ (మెత్తటి, గాలి దూరని ఫోమ్) పట్టీ అదనంగా అంటించండి.

ఇక్కడి నుంచి ఒక ఉదాహరణతో వెళ్దాం: గూడు 1100 ఎంఎం వెడల్పు, 1150 ఎంఎం ఎత్తు. మీ కొలతలు వేరైనా లెక్క ఇదే.

6. కోత పట్టిక

ప్యానెల్ ఒకే ముక్కగా చేస్తే సుమారు 20 కిలోలు తూగుతుంది. రోజూ ఒక్కరే ఎత్తలేరు. అందుకే నిలువుగా రెండు సగాలు చేస్తాం. ఒక్కోటి 10 కిలోల దాకా వస్తుంది.

ప్లైవుడ్ ముఖం:
- వెడల్పు 1100కు రెండు పక్కలా 50 చొప్పున కలిపితే 1200. అంటే ఒక్కో సగం 600.
- ఎత్తు 1150కు పైన 50 కలిపి, కింద అణిగిన రబ్బరు మందం 7 తీసేస్తే 1193.

రీపరు పెట్టె (50 × 25 ఎంఎం రీపర్లు, 50 వైపు లోతుగా వచ్చేలా):
- గూటిలో పక్కలా పైనా 10 ఎంఎం ఖాళీ, మధ్య అతుకు దగ్గర ఒక్కో వైపు 3 ఎంఎం ఖాళీ వదలాలి.
- ఒక్కో సగానికి పెట్టె వెడల్పు 537, ఎత్తు 1133.
- నిలువు ముక్కలు 1133 పొడవువి రెండు, అడ్డ ముక్కలు 487 పొడవువి మూడు.

ఎనిమిది బై నాలుగు షీటు 2440 × 1220 ఎంఎం. ఇందులోంచి 600 × 1193 ముక్కలు సరిగ్గా నాలుగు వస్తాయి, ఒక చివర 45 ఎంఎం పట్టీ కూడా మిగులుతుంది. రెండు ముక్కలు ఇప్పటికి, రెండు తర్వాత అవసరమైతే వేసే రెండో పొరకు, పట్టీ మధ్య అతుకు మీదకు. గూడు పూర్తి 4 అడుగులుంటే ఈ లెక్క కుదరదు, రెండో షీటు పడుతుంది. కాగితం మీద గీసి చూశాకే కొనండి.

కోత షాపులోనే పెద్ద మెషీన్ మీద చేయించండి. ఇంట్లో జిగ్‌సాతో 1200 ఎంఎం తిన్నగా కోయడం అలవాటు లేనివాళ్లకు కష్టం, అంచు వంకర పోతే రబ్బరు పట్టదు.

7. కొనాల్సినవి

- 12 ఎంఎం ప్లైవుడ్ షీటు ఒకటి. బీడబ్ల్యూఆర్ (నీటిని తట్టుకునే) రకం, లేదా ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం. కిటికీ దగ్గర తేమ తప్పదు, మామూలు రకం ఉబ్బుతుంది.
- రీపర్లు సుమారు 26 అడుగులు. వంకరలేనివి ఏరుకోండి, ఒక చివర కంటి దగ్గర పెట్టుకుని చూస్తే తెలిసిపోతుంది.
- రాక్‌వూల్ పలకలు రెండు: 1200 × 600 × 50 ఎంఎం, ఘనపు మీటరుకు 48 లేదా 64 కిలోల సాంద్రత
- ఈపీడీఎం రబ్బరు బీడింగ్, డీ ఆకారం, వెనక జిగురున్నది, 14 ఎంఎం వెడల్పు 12 ఎంఎం ఎత్తు: 8 మీటర్లు
- 3 ఎంఎం ఈవీఏ ఫోమ్ షీటు చిన్నది
- 7 ఎంఎం మందం రబ్బరు ముక్కలు నాలుగు
- లేత రంగు పలచని నాన్‌వోవెన్ గుడ్డ, పెట్టెల వెనక కప్పేందుకు
- చెక్క జిగురు, 38 ఎంఎం స్క్రూలు, స్టేప్లర్ పిన్నులు, సిలికాన్ ట్యూబు ఒకటి
- హ్యాండిళ్లు నాలుగు, ట్రంకు పెట్టెలకుండే లాగి బిగించే క్లిప్పులు రెండు
- ప్రైమరు, పెయింటు
- మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు

కొనకూడనివి కూడా చెప్పాలి. గుడ్ల ట్రేలు, థర్మోకోల్, గోడకంటించే ముళ్ల ఫోమ్ శబ్దాన్ని ఆపవు. ఫోమ్ గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, అంతవరకే. బయటి హారన్‌ను ఆపడానికి బరువు కావాలి, వాటికి బరువే లేదు. సోఫా స్పాంజిని బీడింగ్‌గా వాడటం కూడా వద్దు. గాలి దూరే స్పాంజిలోంచి శబ్దం కూడా దూరుతుంది.

8. పెట్టె తయారీ

(అ) రీపర్లను చట్రంగా పేర్చి, జిగురు రాసి, ఒక్కో మూలకు రెండు స్క్రూలు వేయండి. ముందు సన్నని డ్రిల్ బిట్‌తో కన్నం చేయకపోతే రీపరు చీలుతుంది. మూలమట్టం పెట్టి, ఐమూల కొలతలు సమానమయ్యాకే బిగించండి. మూడో అడ్డ ముక్కను మధ్యలో బిగించండి.

(ఆ) ప్లైవుడ్‌ను నేలమీద పరిచి చట్రాన్ని దానిమీద పెట్టండి. ఎడమ సగంలో చట్రం ఎడమ అంచు నుంచి 60 ఎంఎం లోపలికి, కుడి అంచు నుంచి 3 ఎంఎం లోపలికి ఉండాలి. కుడి సగానికి దీనికి అద్దంలో బొమ్మలా తిరగేయాలి. రెండూ ఒకే వైపు చేసేసే ప్రమాదం ఇక్కడే ఉంది, పెన్సిల్‌తో ఎడమ, కుడి, పై అని రాసుకోండి. కింది అంచులో చట్రం, ప్లైవుడ్ సమానంగా ఉండాలి.

(ఇ) చట్రానికి జిగురు రాసి, ప్లైవుడ్ ముఖం వైపు నుంచి 150 ఎంఎంకు ఒక స్క్రూ చొప్పున బిగించండి. తలలు చెక్కలోకి దిగాలి.

(ఈ) లోపల ప్లైవుడ్, చట్రం కలిసే మూల అంతటా సిలికాన్ గీత వేయండి. బయటికి కనపడదు కాబట్టి చాలామంది దాటేసే పని ఇది. రీపరు కొంచెం వంకరున్నా కింద సన్నని సందు మిగులుతుంది.

(ఉ) ప్లైవుడ్ కోసిన అంచులన్నిటికీ ప్రైమరు రెండు పూతలు వేయండి. తేమ అంచుల్లోంచే ఎక్కుతుంది. ముఖానికి గోడ రంగు పెయింటు వేస్తే పెట్టినప్పుడు కళ్లకు ఇబ్బంది ఉండదు. పెయింటు పూర్తిగా ఆరాకే బీడింగ్ పని, లేకపోతే జిగురు పట్టదు.

9. రాక్‌వూల్ నింపడం

ఈ పని బాల్కనీలో లేదా డాబా మీద చేయండి. పొడవు చేతుల చొక్కా, మాస్కు, తొడుగులు తప్పనిసరి. నూగు చర్మానికి తగిలితే దురద పెడుతుంది. తగిలితే రుద్దకుండా చల్లటి నీళ్లు పోయండి.

పలకను పెట్టె లోపలి కొలత కంటే 5 నుంచి 8 ఎంఎం పెద్దగా, పొడవాటి బ్రెడ్ కత్తితో కోయండి. మధ్య అడ్డ ముక్క ఉంది కాబట్టి ఒక్కో పెట్టెకు రెండు ముక్కలు వస్తాయి. కొంచెం పెద్దదైతే దానంతటదే పట్టుకుని నిలుస్తుంది. బలవంతంగా కుక్కి గట్టిపరచకండి, దాని పని గాలి సందుల్లో శబ్దాన్ని అరగదీయడం.

పైన గుడ్డ బిగువుగా పరిచి, రీపర్ల అంచుకు 50 ఎంఎంకు ఒక పిన్ను కొట్టండి. నూగు ఎక్కడా బయటికి రాకూడదు. గుడ్డ లేత రంగే ఎందుకంటే, పగలు ప్యానెల్ తీయడం మరిచిపోతే నల్ల గుడ్డ ఎండను పీల్చి అద్దాన్ని వేడెక్కిస్తుంది. పడమర కిటికీల్లో, అందులోనూ రంగు అద్దాలైతే, ఆ వేడికి అద్దం పగిలే అవకాశం ఉంది. ప్లాస్టిక్ కవరు చుట్టకండి, లోపల తేమ ఉండిపోతుంది.

10. బీడింగ్: తొందర పడకూడని చోటు

అంటించే చోటు ముందు పొడి గుడ్డతో, తర్వాత స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి.

ప్లైవుడ్ వెనక, పక్క అంచుల్లోనూ పై అంచులోనూ, బయటి చివర నుంచి 15 ఎంఎం లోపలికి పెన్సిల్ గీత గీయండి. బీడింగ్ ఆ గీత వెంట పోవాలి. అంటించేటప్పుడు లాగకండి. సాగదీసి అంటించిన రబ్బరు నాలుగు రోజుల్లో వెనక్కి ముడుచుకుని మూలల్లో సందు వదులుతుంది. కాగితం కొంచెం కొంచెంగా ఒలుస్తూ, బొటనవేలితో అదుముతూ వెళ్లండి.

మూలల్లో వంచకండి. 45 డిగ్రీలకు పదునైన బ్లేడుతో కోసి, రెండు చివరలు ఒకదానికొకటి నొక్కుకునేలా కలపండి. ఆ అతుకులో ఒక చుక్క సిలికాన్ పెట్టండి.

కింది అంచుకు ఒక వరుస బీడింగ్ అంటించండి. దాని రెండు చివరలా 7 ఎంఎం రబ్బరు ముక్కలు పెట్టండి. ఇవి లేకపోతే ప్యానెల్ బరువంతా బీడింగ్ మీద పడి, నెలల్లో అది చపాతీలా అణిగిపోతుంది. 12 ఎంఎం రబ్బరు 7 దగ్గర ఆగాలి, అప్పుడే మళ్లీ పైకి లేస్తుంది.

మధ్య అతుకుకు రెండు అడ్డుకట్టలు ఉంటాయి. ఒకటి, ఎడమ పెట్టె కుడి పక్కన ఈవీఏ ఫోమ్ రెండు పొరలు, కుడి పెట్టె పక్కన ఒక పొర. రెండు, మిగిలిన 45 ఎంఎం పట్టీని 1193 పొడవుకు కోసి, వెనకంతా ఈవీఏ ఫోమ్ అంటించి, ఎడమ సగం ముఖం మీద సగం వెడల్పు బయటికి వచ్చేలా స్క్రూలతో బిగించడం. కుడి సగం ముందు, ఎడమ సగం తర్వాత పెట్టినప్పుడు ఆ పట్టీ కుడిదాని మీద కప్పుకుంటుంది.

అంటించాక ఒక రోజు కదపకుండా వదిలేయండి.

11. బిగింపు

సొంత ఇల్లయితే తిప్పుడు బిళ్లలు మేలు. చిన్న చెక్క ముక్కను గోడకు ఒకే స్క్రూతో బిగిస్తే, తిప్పినప్పుడు ప్యానెల్ అంచు మీదకు వచ్చి అదుముతుంది. బిళ్ల కింద గోడ నుంచి 19 ఎంఎం ఎత్తు దిమ్మె పెట్టాలి. ప్లైవుడ్ 12, అణిగిన రబ్బరు 7 కలిపి 19. తర్వాత రెండో పొర వేస్తే దిమ్మె 31 ఎంఎం చేయాలి.

పక్కలకు మూడేసి, పైన నాలుగు బిళ్లలు సరిపోతాయి. గోడలో 8 ఎంఎం డ్రిల్ చేసి ప్లాస్టిక్ గిట్టీలు కొట్టండి. గూడు అంచుకు మరీ దగ్గరగా కొడితే ప్లాస్టరు ఊడుతుంది కాబట్టి కనీసం 70 ఎంఎం దూరం ఉంచండి. డ్రిల్ చేసేముందు స్విచ్ బోర్డు నుంచి వైరింగ్ ఎటు పోతోందో చూసుకోండి.

రెండు సగాల మధ్య ట్రంకు క్లిప్పులు రెండు, పైనుంచి పావు వంతు, కింది నుంచి పావు వంతు ఎత్తులో బిగించండి. క్లిప్పు లాగినప్పుడు రెండు సగాలు దగ్గరకు వచ్చి మధ్య ఫోమ్ నొక్కుకోవాలి.

అద్దె ఇంట్లో గోడకు కన్నం కొట్టనివ్వకపోతే, గ్రిల్ అద్దం కంటే లోపలి వైపు ఉన్న కిటికీలకు ఒక దారి ఉంది. కొక్కెం ఉన్న పొడవాటి బోల్టులను గ్రిల్ కడ్డీకి తగిలించి, ప్యానెల్‌లోంచి బయటికి తీసి, రెక్కల నట్టుతో బిగించాలి. రెండు చోట్లా రబ్బరు వాషర్ వేయండి. ఇనుము చెక్కకు నేరుగా తగిలితే అదురు దాంట్లోంచి వస్తుంది.

గ్రిల్‌లో అత్యవసరానికి తెరుచుకునే తలుపు ఉన్న కిటికీకైతే ఈ బోల్టుల పద్ధతి వద్దు. చీకట్లో, పొగలో నట్లు విప్పే సమయం ఉండదు. తిప్పుడు బిళ్లలే పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లతో సహా అందరితో ఒకసారి తీయించి చూడండి.

12. పరీక్షలు

కాగితం పరీక్ష: న్యూస్‌పేపర్ చీలికను రబ్బరుకూ గోడకూ మధ్య పెట్టి ప్యానెల్ బిగించండి. లాగితే గట్టిగా పట్టుకోవాలి. జారివచ్చిన చోట రబ్బరు అదమడం లేదు. చుట్టూ 200 ఎంఎంకు ఒకసారి చేయండి.

వెలుతురు పరీక్ష: పగలు, గదిలో లైట్లు ఆపి, తలుపు వేసి, ప్యానెల్ అంచులు చూడండి. వెలుతురు గీత కనిపిస్తే అక్కడ సందు ఉన్నట్టే.

అగరుబత్తి పరీక్ష: గాలి ఉన్న రోజు అద్దాల తలుపు కొద్దిగా తెరిచి, ప్యానెల్ బిగించి, ఫ్యాన్ ఆపి, అగరుబత్తి పొగను అంచు వెంట నెమ్మదిగా తిప్పండి. పొగ వంగిన చోట గాలి వస్తోంది. గుడ్డకు, ఫోమ్‌కు నిప్పు తగలకుండా జానెడు దూరంలో ఉంచండి.

ఫోన్ కొలత: శబ్దం కొలిచే యాప్ ఏదైనా పర్వాలేదు. దిండు దగ్గర ఒకే చోట, ఒకే వేళకు, ప్యానెల్ లేకుండా ఐదు నిమిషాల సగటు, ఉండగా ఐదు నిమిషాల సగటు రాసుకోండి. ఫోన్ చూపే అంకె నమ్మదగ్గది కాకపోవచ్చు, రెండు అంకెల మధ్య తేడా మాత్రం పనికొస్తుంది.

13. అనుకున్నంత తగ్గకపోతే

హారన్లు ఇంకా స్పష్టంగా వినిపిస్తున్నాయి: ఇది సందు లక్షణం. చెక్క మందం పెంచకండి. కాగితం పరీక్ష మళ్లీ చేసి, పట్టని చోట బీడింగ్ కింద ఈవీఏ పట్టీ వేయండి. ఎక్కువగా దొరికేది కింది మూలల్లో, గ్రానైట్ గోడను కలిసే చోట.

హారన్లు తగ్గాయి, ఇంజన్ రొద మిగిలింది: ఇప్పుడు బరువు పెంచొచ్చు. దాచిపెట్టిన రెండు ముక్కలను ముఖం మీద రెండో పొరగా 20 ఎంఎం స్క్రూలతో బిగించండి. మధ్యలో కార్ల తలుపుల్లో అంటించే బ్యూటైల్ డాంపింగ్ షీటు వేస్తే చెక్క మోగడం తగ్గుతుంది. మధ్య పట్టీ, హ్యాండిళ్లు, క్లిప్పులు తీసి పై పొర మీదకు మార్చాలి. ఒక్కో సగం 15 నుంచి 16 కిలోలవుతుంది, ఇద్దరు పట్టుకోవాలి.

ప్యానెల్ సన్నగా జిరజిరమంటోంది: ఏదో స్క్రూ, హ్యాండిల్ వదులుగా ఉంది. లేదా పెట్టె అంచు గ్రిల్‌కు తగులుతోంది. తగిలే చోట ఫోమ్ ముక్క పెట్టండి.

ఒక మూల లేస్తోంది: ప్లైవుడ్ వంకర తిరిగింది. ఆ మూల దగ్గర ఇంకో తిప్పుడు బిళ్ల బిగించండి.

గదిలో ఫ్యాన్, ఫ్రిజ్, గడియారం చప్పుడు పెద్దగా అనిపిస్తోంది: అది లోపం కాదు, బయటి మోత తగ్గాక అవి వినిపించడం మామూలే.

14. గాలి, తేమ, రోజువారీ వాడకం

ప్యానెల్ పెట్టాక ఆ కిటికీ నుంచి గాలి రాదు. రాత్రంతా ఇద్దరు ముగ్గురు పడుకునే గదైతే తలుపు కింద సందు వదలండి, లేదా ఇంటి లోపలి వైపు తలుపు ఓరగా తెరవండి. గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూం కలిసిన గదిలో, వంటింట్లో, ఇన్వర్టర్ బదులు జనరేటర్ వాడే చోట ఈ ప్యానెల్ పెట్టవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఏసీ వేసిన గదిలో ప్యానెల్ చల్లబడుతుంది, అద్దం సందులోంచి వచ్చే తడిగాలి దాని వెనక నీటి చుక్కలవుతుంది. వానాకాలంలో విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇది ఎక్కువ. అందుకే పొద్దున్నే ప్యానెల్ తీసి, గుడ్డ వైపు గాలి తగిలేలా నిలబెట్టండి. వారానికోసారి కాసేపు ఎండ చూపించండి. రాక్‌వూల్ తడిసిందనిపిస్తే గుడ్డ విప్పి పూర్తిగా ఆరనివ్వండి.

నిలబెట్టేటప్పుడు బీడింగ్ మీద బరువు పడకుండా హ్యాండిళ్ల వైపు గోడకు ఆనించండి. పిల్లలున్న ఇంట్లో గోడకు ఒక కొక్కెం కొట్టి తాడుతో కట్టేయండి, 10 కిలోల చెక్క మీదపడితే చిన్న దెబ్బ కాదు.

నెలకోసారి బీడింగ్‌ను తడిగుడ్డతో తుడిచి కాస్త పౌడరు రాస్తే గోడ పెయింటుకు అంటుకోదు. వేలితో నొక్కితే తిరిగి లేవడం మానేసిన ముక్కను అక్కడివరకు కోసి తీసి, కొత్తది అంటించండి. మొత్తం మార్చనక్కర్లేదు.